మస్కట్ కొండ మీద అంచెట్టి మేక

రంజిత ఎన్నడూ సముద్రం చూడలేదు. కృష్ణగిరి డ్యాం చూసింది. అది చాలనుకుంది.

"నీళ్ళు నీళ్ళే గదా మే, అవతల గట్టు కనబడకపోతే సముద్రం" అని నాతో వాదించి, ఒక ఆదివారం పొద్దున్నే నన్ను బస్సెక్కించి డ్యాం దగ్గర కూర్చోబెట్టింది. ఎండ పెరిగేకొద్దీ నీళ్ళ రంగు ఎలా మారుతుందో చూస్తూ ఆకలి సంగతే మరిచిపోయింది. నేను మరవలేదు. అక్కడ వేయించి అమ్మే చేపలు తన వంతు కూడా నేనే తిన్నాను.

మేమిద్దరం హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక రేకుల షెడ్డులో టైల్స్ మీద బొమ్మలు వేసి కాలుస్తాం. బొమ్మలు రంజితవి, కరెంటు బట్టీ నాది. నా పేరు రేణు. ఒకే కంపెనీలో పక్కపక్కన నిలబడి స్క్రూలు బిగించినవాళ్ళం. ఆమె మానేసి బయటికొచ్చింది, వస్తూ వస్తూ నన్నూ లాక్కొచ్చింది. ఇన్నాళ్ళూ మేం చేసినవి దేవుడి గదులకు లక్ష్మీదేవి, వంటిళ్ళకు పండ్ల బుట్టలు, గేటు పక్కన తగిలించే ఇంటి పేర్లు. గోడంత బొమ్మ ఎవరూ అడగలేదు. మొదట అడిగినవాడు శ్రీనివాస.

ఆయనది హోసూరు బజారులో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసే ఇల్లు. ఆయన మాత్రం చిన్న వయసులోనే మస్కట్ వెళ్ళి, అక్కడ మత్రా అనే రేవు పేటలో కొట్టు నడిపి, జుట్టు నెరిశాక తిరిగొచ్చాడు. ఇక్కడ కొత్తగా తెరుస్తున్న షాపులో, లోపలికి అడుగుపెట్టగానే కనిపించే గోడ మీద ఆ మత్రా కావాలన్నాడు. వంపు తిరిగిన సముద్రపు ఒడ్డు, ఒడ్డు వెంట తెల్లటి మేడలు, నీలం గుమ్మటం మసీదు, చెక్క పడవలు, వాటన్నిటి వెనక కొండలు. ఫోటోలు బోలెడు ఇచ్చాడు. షరతు కూడా ఒకటి పెట్టాడు.

"ఇది నా మత్రానే అని నాకు తోస్తే, కింద మూల టైలు మీద నీ పేరు రాసుకోమ్మా. షాపుకు వచ్చినోళ్ళంతా చూస్తారు. తోచకపోతే పేరూ వద్దు, గోడా వద్దు."

ఆ మూల టైలు మీద రంజిత పేరు పడితే మాకు ఇంకో గోడ వస్తుంది. పడకపోతే మళ్ళీ కంపెనీ బస్సు, మళ్ళీ స్క్రూలు. ఈ మాట మేం పైకి అనుకోలేదు. కానీ ఆమె సంతకం చేసే తీరు మార్చుకుని కాగితాల మీద సాధన చేయడం నేను చూశాను.

సముద్రం కుదిరింది. మధ్యలో ఒకసారి వచ్చిన శ్రీనివాస కాలిన నీలం వరుసలు చూసి, "పొద్దున పది గంటలప్పుడు అట్లే ఉంటాది" అన్నాడు. డ్యాం చూసి సముద్రం వేసినదానికి ఇక పట్టపగ్గాలుంటాయా? కొండలు మిగిలాయి. ఆ ఫోటోల్లో కొండలన్నీ ఎండిపోయి, మోడుబారి, ఒక్క ఆకు కూడా లేకుండా ఉన్నాయి.

రంజిత అంచెట్టి అడవి పక్క పల్లెలో మేకలు కాసే ఇంటి పిల్ల. కొండంటే ఆమెకు తెలిసిన సంగతి ఒకటే: ఎండాకాలం ఎండుతుంది, తొలి వాన పడగానే పచ్చబడుతుంది. కాబట్టి ఆ ఫోటోలన్నీ ఎండాకాలంలో తీసినవని తేల్చేసింది.

"షాపు ఓపెనింగ్‌కు ఎవురైనా కరువు కొండ పెడతారా మే? జబ్బుపడిన మనిషిని పోటో తీసి గోడకు తగిలించినట్ల ఉండాది" అంది.

"ఆయన్ని ఒక మాట అడుగు" అన్నాను.

"కొండ గురించి నేను ఇంకొకరిని అడగాల్నా?"

అడగలేదు. మత్రా వెనక కొండలకు నిండుగా పచ్చ పూసింది. ఆ పచ్చలో అక్కడక్కడ మేకల్ని వదిలింది. నేను బట్టీలో పెట్టి కాల్చాను. నిజం చెప్పాలంటే చాలా బాగున్నాయి. అదే మా కొంప ముంచింది.

శ్రీనివాస గోడకు టైల్స్ అతికించే మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. షెడ్డు నేల మీద టైల్స్ అన్నీ వరుసగా పేర్చి ఉంచాం. ఆయన చూపు పడవల మీద, మేడల మీద మెల్లగా నడిచి కొండల దగ్గర ఆగిపోయింది.

"ఇది మస్కట్టు కాదమ్మా" అన్నాడు. "ఇది అంచెట్టి."

మేస్త్రి పకపకా నవ్వాడు. చేతిలో ఏముంటే అది వాడి మీద విసిరేద్దామనిపించింది నాకు. రంజిత మేస్త్రి వైపు చూడకుండా శ్రీనివాసనే అడిగింది.

"కొండలు మాత్రమేనా అన్నా? తక్కినదంతా సరేనా?"

"తక్కినదంతా మత్రానే. కానీ ఆ కొండలు చూస్తేనే గదా అది మత్రా. అదంతా రాయమ్మా. గడ్డిపరక మొలవదు. వాన పడినా రాయి రాయే."

"సంవత్సరమంతానా?" నమ్మలేకపోయింది రంజిత. "మరి మేకలేం తింటాయి?"

ఆయన మేకల మాట పక్కకు నెట్టేశాడు. వచ్చే శుక్రవారం ఓపెనింగ్, పిలుపులు అయిపోయాయి, ఇప్పుడిలా చేస్తే ఎలా అని విసుక్కున్నాడు. ఫోటో ఇస్తే ప్రింటు కంపెనీవాళ్ళు టైల్స్ మీద ఉన్నది ఉన్నట్టు ప్రింటు దించి ఇస్తారని, రెండు రోజుల్లో పని అయిపోతుందని మేస్త్రి పక్కనుంచి ఎగదోశాడు.

"ప్రింటు మిషను దించుతాది అన్నా. నీకు అదే కావాల్సుంటే నా దగ్గరికి వచ్చుండవు" అంది రంజిత. "బుధవారం రా. కొండలు మార్చి పెడతాను. అప్పుడు కూడా నచ్చకపోతే ఆ ప్రింటు కంపెనీకి నేనే ఫోన్ చేస్తాను."

ఆయన సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. బండెక్కి వెళ్ళిపోయాడు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత ఆమె నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. "నాకు తెలిసిన ఒకే ఒక్కదాన్లోనే తప్పు పోయినాను చూడు మే" అంది. ఆ మాట వింటే నాకే ఏడుపొచ్చింది. అంతకు ముందు దెప్పుదామని సిద్ధం చేసుకున్నవన్నీ మింగేశాను.

మా దగ్గరున్న గోధుమ రంగు డబ్బాలు పూసి చూస్తే కొండ చాక్లెట్‌లా నున్నగా వచ్చింది. రాయి రాలేదు. ముక్క టైల్స్ మీద ఎన్ని కలిపి చూసినా అంతే. చివరికి రంజిత వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, మేకలదొడ్డి వెనక ఎర్రదిన్న ఉండాదే, ఆడ మన్ను ఒక సంచి తేమ్మా. పైపైది కాదు, లోపలిది."

మరునాడు వాళ్ళమ్మ తిమ్మమ్మ మన్ను సంచి చంకన పెట్టుకుని బస్సు దిగింది. "కూతురికి రాగిపిండి తీసకపోయేవాళ్ళను చూసినాను. మన్ను తీసకపోయేదాన్ని నిన్నే చూస్తాండాను" అని బస్సులో అందరూ నవ్వారట. ఆ నవ్వంతా తెచ్చి మా మీద పోసింది. మాటల మధ్యలోనే మన్నును నీళ్ళలో కలిపి, పాత చీరముక్కలో వడగట్టి, మళ్ళీ వడగట్టి, వెన్నలా చేసి ఇచ్చింది.

బట్టీలో మన్ను పొరలు పొరలుగా లేచిపోతుందని నేను గొడవ పెట్టుకున్నాను. ముక్క టైలు మీద పూసి కాల్చి చూడమంది రంజిత. కాల్చాను. లేవలేదు. ఎర్రగా పోయినది ముదురు గోధుమ రంగులో, ఎండకు మాడిన రాయిలా, గరుకుగా బయటికొచ్చింది. ఇసుక పలుకులు నల్లటి చుక్కలై మెరిశాయి. ఆ ముక్క పట్టుకుని ముగ్గురం తలుపు దగ్గర వెలుతురులో నిలబడ్డాం. నేను వెళ్ళి బట్టీ మళ్ళీ వేడెక్కించాను.

ఆ మన్నుతో కొత్త టైల్స్ మీద కొండలు మళ్ళీ వేసింది. ఈసారి మేకల్ని వేయలేదు. గడ్డి లేని చోట మేకలెందుకని మానేసింది. ఆ మాట అనేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

బుధవారం శ్రీనివాస వచ్చాడు. మేస్త్రి నవ్వడానికి తయారుగా వచ్చాడు. శ్రీనివాస టైల్స్ చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత పంచె సర్దుకుని నేల మీదే కూర్చుని, కొండ మీద వేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా నిమిరాడు.

"ఇదే" అన్నాడు. "ఇదేనమ్మా నా మత్రా. సాయంత్రం షట్టరు దించేటప్పుడు తలెత్తితే ఇట్లే కనబడేది. ఈ రంగు యాడ తెచ్చినావు?"

రంజిత నోరు తెరిచేలోపే తిమ్మమ్మ అందుకుంది. "మా మేకలదొడ్డి వెనకదప్పా. అంచెట్టి మన్ను."

ఆయన తలెత్తి తిమ్మమ్మను చూశాడు, రంజితను చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కొండ వైపు మళ్ళీ వంగి, దేనికోసమో వెతికాడు.

"మేకలేవమ్మా?"

మేం ముఖాలు చూసుకున్నాం.

"ఆ పొద్దు కోపంలో పోయినాను. ఇంటికి పోయినాక ఆ మేకలే గుర్తొచ్చినాయి" అన్నాడు. "మా కొట్టు వెనక సందులోకి కొండ మీద నుంచి దిగేవి. బట్టలు వచ్చిన అట్టపెట్టెలు తినేవి. ఒక నల్లది ఉండె, నేను తలుపు తీసేదాకా నిలబడేది. ఇన్నేండ్లలో అది నాకు జ్ఞాపకమే రాలేదు. నేనిచ్చిన పోటోల్లో ఒక్క మేక కూడా లేదు. నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదన్నా" అంది రంజిత. "కొండంటూ ఉంటే మేక ఉంటాది."

ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. కండ్లు తుడుచుకున్నాడో, నుదురు తుడుచుకున్నాడో నేను చూడలేదు, మర్యాద కాదని తల తిప్పుకున్నాను. లేచి నిలబడి మేస్త్రితో, "రేపే గోడకు ఎక్కించు. కింద మూల టైలు వదిలిపెట్టు" అన్నాడు. రంజితతో, "దాని మీద నీ పేరు రాయి. పేరు పక్కన ఆ నల్లమేకను నిలబెట్టు. నోట్లో అట్టముక్క ఉండాల" అన్నాడు.

శుక్రవారం ఓపెనింగ్‌కు ముగ్గురం వెళ్ళాం. గోడ నిండా మత్రా. కింద మూలలో మాత్రం ఒక టైలంత చోటు, బూడిద రంగు సిమెంటు కనిపిస్తూ ఖాళీగా ఉంది. శ్రీనివాస భార్య వసంతలక్ష్మికి అది కంట్లో నలుసైంది. మంచి రోజున గోడకు బొక్క ఏమిటని ఒక పూలదండ తెచ్చి దాని మీద వేలాడదీసింది. ఆయన వెళ్ళి ఆ దండ తీసి దేవుడి పటానికి వేశాడు.

వచ్చినవాళ్ళంతా ముందు సముద్రం చూశారు, తర్వాత కొండలు చూశారు, తర్వాత ఆ ఖాళీ చూశారు. కృష్ణగిరి నుంచి వచ్చిన ఒక హోటలాయన చాలాసేపు నిలబడి, మా హోటల్లో కూడా ఇంత గోడ ఒకటి ఖాళీగా ఉంది, ఇది చేసిందెవరు, పేరు ఎక్కడా లేదే అని అడిగాడు.

రంజిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పేరు మూకండపల్లిలో బట్టీలో ఉండాది" అన్నాడు శ్రీనివాస. "మేకను తోలుకొని వస్తాది. ఆదివారం రండి."