'ప' లేని ఉపన్యాసాలు

జనమన్నకు 'ప' పలకదు. ఈ సంగతి ఆయన భార్యకూ నాకూ మా అక్కకూ తప్ప మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ అక్షరం మాట మధ్యలో వస్తే ఇబ్బంది లేదు. మొదట్లో వస్తే మాత్రం పెదవులు అతుక్కుపోతాయి, మెడ నరాలు ఉబ్బుతాయి, మాట బయటికి రాదు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఉపన్యాసాలు రాస్తున్నది నేనే. ప్రజలు అనాల్సిన చోట జనం అని రాశాను. పేదలను లేనివాళ్ళు చేశాను, పిల్లలను బిడ్డలు చేశాను, పోలీసులను లాఠీలవాళ్ళు చేశాను. పార్టీ అనడానికి వీల్లేక మన జెండా అన్నాను. పెద్ద పెద్ద మాటలు వాడకుండా మనలాగే మాట్లాడతాడని ఊరంతా మురిసిపోయింది. నోరు తెరిస్తే జనం, జనం అంటాడని ఆ పేరే ఆయనకు స్థిరపడింది. ఆయనకున్న పలుకుబడిలో సగం ఆ ఒక్క అక్షరం చలవే. మిగతా సగం నా చలవ అని లోలోపల అనుకునేవాణ్ణి గాని, పైకి ఎన్నడూ అనలేదు.

నేను బళ్ళో భాష చెప్పే మనిషిని. అందరూ పంతులూ అని పిలుస్తారు, ఆయనొక్కడే మాస్టారూ అంటాడు. కారణం వేరే చెప్పక్కర్లేదు. తరగతి గదిలో తప్ప ఎక్కడా నాకు నోరు పెగలదు. నలుగురు పెద్దవాళ్ళ ముందు నిలబడమంటే కాళ్ళు వణుకుతాయి. ఆయనకు నోరుంది, నాకు రాత ఉంది. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి తయారయ్యేవాడు.

ఆ మనిషి ఊరికి ఉపయోగపడ్డాడు కూడా. పదకొండేళ్ళ కిందట మా ఊరి బట్టల మిల్లులో మంటలు లేచాయి. ఆ రోజు గేటుకు ఎదురుగా ప్రతిపక్షంలో ఉన్న మా జెండా మీటింగు ఉంది. కార్మికులు పని మానేసి అక్కడికి వెళ్ళిపోతారని, లోపల వాళ్ళుండగానే గేటుకు బయట నుంచి తాళం వేయించారు. మేనేజరు తాళం తెచ్చాడు. అధికార పార్టీ పట్టణ అధ్యక్షుడు పక్కనే నిలబడి వేయించాడు, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. కరపత్రాలు పట్టుకుని రోడ్డు అవతల ఉన్న మేమిద్దరం అది కళ్ళారా చూశాం. అరగంటకు పొగ లేచింది. ఆరుగురు గేటు దాకా వచ్చి అక్కడే పోయారు. వాళ్ళలో ఒకడు మా బావ, అక్క మొగుడు.

ప్రమాదం అంది ప్రభుత్వం. ఆ సాయంత్రమే నేను జనమన్నకు రెండు వాక్యాలు రాసిచ్చాను. "మంట దానంతట అదే లేచి ఉండొచ్చు. తాళం దానంతట అదే వేసుకోదు." ఆ రెండు వాక్యాలతోనే ఆయన నాయకుడయ్యాడు. గోడల మీద అవే, జనం నోళ్ళలో అవే. ఎన్నో ఏళ్ళు తిరగ్గా తిరగ్గా చివరికి విచారణ మొదలైంది. సాక్షిగా ఆయన పేరొక్కటే రాయించాం. ఇద్దరెందుకు, నా మాట చాలదా అన్నాడాయన. చాలుననిపించింది నాకు. దాచుకోవడం దేనికి, హాయిగా కూడా అనిపించింది. ఆయన సాక్ష్యం వచ్చే సోమవారం. దానితో విచారణ ముగుస్తుంది. ఎన్నికలు ఆ తర్వాత మూడు వారాలకు.

గురువారం పొద్దున్నే కబురు పెట్టాడు. వెళ్ళేసరికి గదిలో ఆయనొక్కడే ఉన్నాడు. గోడ మీద మా జెండా లేదు, అది ఉన్న చోట సున్నం మాత్రం తెల్లగా కనిపిస్తోంది. రేపు నాలుగింటికి మైదానంలో సభ పెట్టి అధికార పార్టీలో చేరుతున్నానని చెప్పాడు. తడుముకోకుండా చెప్పాడు. ముందే చాలాసార్లు అనుకుని ఉంటాడు.

"ఇన్నేళ్ళూ అరిచాం మాస్టారూ. ఒక్క ఆసుపత్రి తేగలిగామా? అరుపుకు చప్పట్లు వస్తాయి, అంతే. ఆసుపత్రి కావాలంటే అటువైపుకు వెళ్ళాలి."

అందులో అబద్ధం లేదు. అదే నన్ను ఇంకా కుంగదీసింది. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళను చాలామందిని చూశాను. ఈయన గొడుగు పట్టమని నన్ను పిలిచాడు. బల్ల మీద నుంచి ఒక కాగితం నా వైపు జరిపాడు. ఎవరిదో కొత్త చేతిరాత. 'మిల్లులో జరిగింది ప్రమాదమే' అని ఒకే వాక్యం.

"ఇది నేను వేదిక మీద అనాలట. అంటే సోమవారం విచారణకు వెళ్ళక్కర్లేదు. నా నోటికి సరిపడేలా మార్చి రాయండి."

"మా అక్కకు ఏం చెప్పమంటారన్నా?" అని అడిగాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "గెలిచాక నేనే వచ్చి చెబుతాను," అన్నాడు.

బావ పోయినప్పటి నుంచి అక్క మా ఇంట్లోనే ఉంటోంది. నేను వెళ్ళేసరికి బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. సూది ఆపి, సభ ఎన్నింటికని అడిగింది. నేనూ వస్తానంది. మళ్ళీ సూది ఆడింది.

రాయడానికి కూర్చున్నాను. ఆ వాక్యం దగ్గరికి రాగానే 'దుర్ఘటన' అన్న మాట దానంతట అదే కలం చివరికి వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు మరి. రాశాను కూడా. చక్కగా అమరింది, నోటికి మెత్తగా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కాగితం చించేసి, కొత్త కాగితం మీద వాళ్ళిచ్చిన వాక్యాన్నే అక్షరం మార్చకుండా పెద్ద అక్షరాలతో రాశాను. ముందే చదివితే అప్పజెప్పినట్టు ఉంటుందని జనమన్న నా కాగితాలు వేదిక ఎక్కేదాకా చూడడు. అంత నమ్మకం. నమ్మినవాడి కాళ్ళ కింద గొయ్యి తవ్వుతున్నానని నాకు తెలుసు. ఆ అబద్ధం గొంతుకు అడ్డంపడి ఊరందరి ముందూ నవ్వులపాలవ్వాలని కోరుకున్నాను. అలా కోరుకుంటూ సంతోషించాను కూడా.

మర్నాడు మైదానం కిక్కిరిసిపోయింది. పాత జెండా వాళ్ళూ వచ్చారు, కొత్త జెండా వాళ్ళూ వచ్చారు. వేదిక మీద ఆయన పక్క కుర్చీలో ఆ పట్టణ అధ్యక్షుడే కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో మా అక్క ఉంది. నేను వేదిక మెట్ల దగ్గర నిలబడ్డాను. జనమన్న ఎప్పటిలాగే బాగా మాట్లాడాడు. ఆసుపత్రి సంగతి చెప్పినప్పుడు ఈలలు పడ్డాయి. తర్వాత గొంతు తగ్గించి, "మిల్లులో జరిగింది..." అన్నాడు. ఆగిపోయాడు.

పెదవులు అతుక్కున్నాయి. మైకులోంచి చిన్న గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. ఇంకోసారి ప్రయత్నించాడు, మరోసారి ప్రయత్నించాడు. కాగితం మీంచి తల ఎత్తి నాకోసం వెతికాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. బళ్ళో పద్యం మరిచిపోయిన పిల్లవాడు తర్వాతి మాట అందివ్వమన్నట్టు చూశాడు. నేను తల దించుకున్నాను.

నవ్వు కోసం ఎదురుచూశాను. ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఒకావిడ వెక్కింది, ఆమెను చూసి ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళు తలలు వంచుకున్నారు. పోయినవాళ్ళు గుర్తొచ్చి అన్న గొంతు పూడుకుపోయిందని జనం అనుకున్నారు. పట్టణ అధ్యక్షుడు లేచి, ఆయన భుజం మీద చెయ్యేసి, మైకు తన వైపు తిప్పుకున్నాడు. ఆనాటి ప్రమాదంలో మనల్ని విడిచిపోయిన ఆరుగురినీ తలుచుకుని మన అన్న మాట్లాడలేకపోతున్నారని చెప్పాడు. జనమన్న ఒక్క క్షణం అతని వంక చూశాడు. తర్వాత తల ఊపాడు. మైదానమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను రాసినవాటిలో ఇంతగా రక్తి కట్టిన వాక్యం మరొకటి లేదు.

ఇంటికి నడిచి వచ్చాం. సందు మలుపు దాకా అక్క నా పక్కనే నడిచింది. అక్కడ ఆగింది.

"ఒరే, ఆ తాళం వేస్తుంటే నువ్వూ చూశావు కదరా?"

"చూశానక్కా."

"ఆయన నోటికి రానివన్నీ ఏరి పక్కన పెట్టావు. మరి నీ నోటికేమొచ్చిందిరా ఇన్నేళ్ళూ?"

కాళ్ళు వణుకుతాయని చెప్పనా? ఉద్యోగం పోతుందనుకున్నానని చెప్పనా? ఆయన చెబుతున్నాడు కదా అనుకున్నానన్నాను. అక్క నన్ను వదిలి ముందు నడిచింది. దానికన్నా చెంప పగలగొట్టినా బాగుండేది.

సోమవారం బడికి సెలవు పెట్టి విచారణ గదికి వెళ్ళాను. పిలిచిన సాక్షి రాలేదని గుమాస్తా ఫైలు కట్టేస్తున్నాడు. నేనూ ఆ రోజు అక్కడ ఉన్నానని, చెప్పాల్సింది ఉందని అన్నాను. అధికారి నన్ను ఎగాదిగా చూసి కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను. తాళం ఎవరు తెచ్చారో, ఎవరు వేయించారో, తాళంచెవి ఎవరి జేబులోకి వెళ్ళిందో చెప్పాను. కాళ్ళు వణికాయి, మాటలు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ వచ్చాయి. టైపిస్టు రెండుసార్లు ఆపి, నెమ్మదిగా చెప్పమన్నాడు. మొత్తం పదిహేను వాక్యాలుంటాయేమో. వాటిలో బాగున్నది ఒక్కటీ లేదు.

అధికారి టైపు చేసిన కాగితం చదువుకున్నాడు. సంతకానికి ముందు ప్రతి సాక్షినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగాడు.

"ఇవి మీ సొంత మాటలేనా? ఎవరైనా రాసిస్తే చెబుతున్నారా?"

తలుపు పక్క బెంచీ మీద అక్క తలెత్తి నా వైపు చూసింది.

"ఎవరూ రాసివ్వలేదండీ," అన్నాను. "నా మాటలే."