నలుపు కింద పచ్చ

అరచేతిని చిన్న గిన్నెలా ముడిచి ఆమె భర్త వీపు మీద తడుతోంది. నడుము పైనుంచి భుజాల దాకా, మళ్ళీ కిందికి. అతను మంచం అంచున కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. నిద్ర లేవగానే రోజూ ఇదే మొదటి పని. మోటారు సైకిళ్ళకు రంగు కొట్టి కొట్టి బరువెక్కిన ఊపిరితిత్తులు. తట్టి లేపితే తప్ప అవి కదలవు.

"కుడి పక్క మోత తేడాగా ఉంది," అందామె.

"లప్పం పెట్టుంటారు," అన్నాడతను దిండులోంచే.

ఆమె నవ్వింది గానీ చెయ్యి ఆపలేదు. సొట్టపోయిన పెట్రోలు ట్యాంకుని లప్పంతో నింపి పైన రంగు వేస్తే, వేలితో తట్టినప్పుడు ఇనుము మోగదు, మట్టిలా మూలుగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో అతను ఆమెకు నేర్పిన మొదటి విద్య అదే.

షెడ్డు ఉన్నన్నాళ్ళూ రంగు కొట్టడం అతని పని, అంతకుముందు చెయ్యాల్సినదంతా ఆమె పని. పాత రంగు గీకడం, తుప్పు రాల్చడం, ఉప్పుకాగితం నీళ్ళలో ముంచి ఇనుము నున్నబడేదాకా రుద్దడం. అతనికి ఆయాసం మొదలయ్యాక షెడ్డు మూసేశారు. పాత బండి కొనుక్కునేవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆమెను వెంట తీసుకెళ్తారు. రంగులక్క ఒకసారి చెయ్యేసి చూస్తే బండి తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుందని వాళ్ళ నమ్మకం.

ఆ రోజు తీసుకెళ్ళడానికి వచ్చింది ఆమె చెల్లెలి కూతురు. ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టి ఇంజెక్షన్లు చేసే నర్సు. బస్సుల కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయి, బండి కొనాలని పట్టుబట్టి కూర్చుంది.

"పెద్దమ్మా, తొందరగా రా. ఆయన పనికి వెళ్ళిపోతాడట."

"ఏం రంగు?" అన్నాడు మంచం మీద ఉన్నతను. బండి సంగతి ఎప్పుడొచ్చినా అతని మొదటి ప్రశ్న అదే.

"నలుపు పెద్దనాన్నా. కొత్తదానిలా మెరిసిపోతోంది."

"పాత బండి మెరుస్తోందంటే ఆలోచించాలి," అంది పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "మొగుడు ఉన్నట్టుండి ప్రేమగా మాట్లాడినట్టు."

"నేను మాట్లాడనుగా. నీకా భయం లేదు," అన్నాడతను.

బండి అమ్మే మనిషి పైపుల మేస్త్రి. ఇంటి ముందు సన్నటి ఖాళీ జాగా. గోడ పొడవునా పైపు ముక్కలు, పాత కుళాయిలు, తుప్పు పట్టిన పానాలు. వాటి మధ్య మోటారు సైకిలు ఒక్కటే శుభ్రంగా నిలబడి ఉంది. మేస్త్రి పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. ఒక మోకాలికి పట్టీ చుట్టుకున్నాడు. ఆ కాలితో ఇక బండి నడపలేనని డాక్టరు చెప్పాడట.

"చూడమ్మా, ఎంతసేపైనా చూడు. మా ఆవిణ్ణి కూడా ఇంత బాగా చూసుకోలేదు నేను."

"ఆ మాట నిజం," అని ఇంట్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

ఆమె ముందు బండిని తాకకుండా ఒక చుట్టు తిరిగింది. బ్రేకు తొక్కేచోట ఇనుము అరిగి అద్దంలా ఉంది. కాళ్ళు పెట్టుకునే రబ్బర్ల గీతలు చెరిగిపోయాయి. బాగా తిరిగిన బండే. దాచిపెట్టినదేమీ లేదు. ట్యాంకు అడుగున వేలితో తట్టింది. అంతా మోగింది. ముందు భాగంలో ఒక్కచోట మాత్రం మూలిగింది. ఆమె హ్యాండిల్ పక్కకు తిప్పి, దాని మెడ మీద కొట్టి ఉన్న నంబరు దగ్గరకు వంగింది.

"కాగితంలో ఉన్నది చదవవే."

అమ్మాయి చదువుతుంటే ఆమె ఒక్కో అంకె మీద బొటనవేలు ఆనించి జరుపుకుంటూ పోయింది. అంకెలన్నీ సరిపోయాయి. వేలికి మాత్రం సరిపోలేదు. ఫ్యాక్టరీలో యంత్రం కొట్టిన అంకెలు ఒకే లోతున, ఒకే వరసలో ఉంటాయి. ఇక్కడ ఒక అంకె లోతుగా దిగింది, పక్కది పైపైన ఉంది, ఇంకొకటి తాగినవాడిలా పక్కకు ఒరిగింది. వాటి చుట్టూ ఇనుము జనం తొక్కి అరగదీసిన మెట్టులా కొంచెం గుంటపడింది. ఉన్న నంబరును రుద్దేసి, దాని మీద ఇంకొకటి కొట్టారు.

"సీటు తీస్తారా?" అంది.

మేస్త్రి తానే ఊడదీసి పక్కన పెట్టాడు. సీటు కింద, ఎవరికీ కనపడని చోట, కొంచెం గీకి చూడొచ్చా అని అడిగింది. అతను భుజాలెగరేశాడు. కొంగున ముడివేసి తెచ్చుకున్న బ్లేడు తీసి ఆమె రంగు మీద ఆనించింది. గట్టిగా గీకాల్సిన అవసరం కూడా రాలేదు. మానిన పుండు మీది పొక్కులా నలుపు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. దాని కింద రంగుకు ముందు పూసే ప్రైమర్ లేదు. పచ్చ ఉంది.

మామూలు పచ్చ కాదు. అప్పుడే విచ్చుకున్న ఆకు పచ్చ.

ఆమె వంగి ఉన్నది కాస్తా నేల మీద కూర్చుండిపోయింది.

ఆ పచ్చ ఊళ్ళో ఒకే ఒక్క బండికి ఉండేది. రొట్టెల దుకాణమాయన తనకు ఆ రంగే కావాలని ఒక ఆకు కోసి పట్టుకొచ్చాడు. కలిపి చూపించినదాన్ని ఇది కాదని వెనక్కి పంపాడు. మళ్ళీ కలిపితే మళ్ళీ కాదన్నాడు. ఆమె భర్తకు పంతం పట్టి, ఆకు వాడిపోయేలోగా మూడోసారి కలిపి ఆ ఆకు పక్కనే పెట్టి చూపించాడు. ఏది ఆకో ఏది రంగో తెలియలేదు. తర్వాత కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున దుకాణం ముందునుంచి ఆ బండి పోయింది. దొంగబండి ముందు రంగుల షెడ్డుకే పోతుందని ఎవరో అన్నారు. ఆ మాట చాలు. పోలీసులు అతన్ని పట్టుకెళ్ళి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి వదిలేశారు. కొట్టలేదు, తిట్టలేదు, తప్పు లేదని కూడా అనలేదు. ఆ తర్వాత రొట్టెలాయన షెడ్డు వైపు రాలేదు. ఎదురుపడితే రోడ్డుకు అవతలి పక్కకు వెళ్ళిపోయేవాడు. వచ్చే బండ్లు కూడా తగ్గాయి. ఆమె భర్త దాని గురించి ఎవరితోనూ వాదించలేదు. పచ్చ రంగు కలపమని ఎవరైనా అడిగితే మాత్రం డబ్బా అయిపోయిందనేవాడు.

"ఏంటి పెద్దమ్మా?" అంది అమ్మాయి.

"ఈ బండి మనకొద్దు."

మేస్త్రి మొహం ఎర్రబడింది. "ఏమైంది దీనికి? నంబరు సరిపోయిందిగా!"

ఆమె అతని వేలు పట్టుకుని అంకెల మీద పెట్టించింది. తర్వాత పచ్చ చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"అంటే నేను దొంగనా?"

"దొంగతనం చేసినవాడు సీటు తీసి చూపించడయ్యా. నువ్వు కొన్నావు. మోసపోయావు."

అతను పైపుల కుప్ప మీద కూర్చున్నాడు. సంత దగ్గర పాత బండ్లు అమ్మేవాడి దగ్గర కొన్నానని, ఆ కొట్టు ఎప్పుడో ఎత్తేశారని, కూతురు పుట్టినప్పుడు తల్లినీ బిడ్డనూ దీని మీదే ఇంటికి తెచ్చుకున్నానని ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయాడు. కాసేపటికి అతను, "ఆ పచ్చబండాయన ఉన్నాడా ఇంకా?" అని అడిగాడు.

"ఉన్నాడు. దుకాణం అక్కడే ఉంది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"నేనెవర్ని చెప్పడానికి? బండి నీ ఇంట్లో ఉంది."

అతను సీటు బిగించాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు గానీ బండి స్టార్టు చెయ్యలేదు. ఎక్కనూ లేదు. కుంటి కాలితో వీధంతా తోసుకుంటూ నడిచాడు. అమ్మాయి వెనకనుంచి ఒక చెయ్యి వేసింది. ఆమె పక్కన నడిచింది.

రొట్టెలాయన పొడుగు మనిషి. ఇప్పుడు నడుము వంగి ఆమె ఎత్తుకు వచ్చేశాడు. మోచేతుల దాకా పిండి అంటి ఉంది. ఆమెను గుమ్మంలో చూసి, అలవాటు కొద్దీ మొహం తిప్పుకోబోయి, వెనకాలున్న బండిని చూసి ఆగాడు.

"ఇలా రండి. ఒకటి చూపించాలి," అందామె.

ఆయన నలుపును చూడలేదు. నేరుగా ట్యాంకు ముందు భాగం దగ్గరకు వెళ్ళి అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. రొట్టెల బుట్ట కొట్టుకుని కొట్టుకుని అక్కడ పడిన సొట్ట ఉండాలి. లప్పం తగిలింది. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇదే," అన్నాడు. మళ్ళీ, "ఈ నలుపు..." అని ఆగాడు.

"అడగండి."

"ఎవరు వేశారు?"

"తెలీదు. మా ఆయన మాత్రం కాదు. గోరుతో గీకి చూడండి."

ఆయన గీకాడు. నలుపు పొరలా లేచొచ్చింది. కింద పచ్చ చెక్కుచెదరకుండా ఉంది.

"ఉప్పుకాగితం కూడా చూపించకుండా పైన కొట్టేశారు," అందామె. గొంతు పెంచలేదు. "పాత రంగు ఇనుము దాకా గీకించకుండా మా ఆయన రంగు కొట్టే గన్ను పట్టుకునేవాడు కాదు. గీకేదాన్ని నేనేగా, నాకు తెలీదా? ఇది మా షెడ్డుకే వచ్చుంటే, ఈ రోజు మీకీ పచ్చ దొరికేది కాదు."

రొట్టెలాయన పిండి చేతులు రెండూ ఏం చెయ్యాలో తెలియనట్టు గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి ఆమె భర్తకు మొత్తం చెప్పింది. అతను గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

"పచ్చ వెలిసిందా?"

"ఎండ తగలందే ఎలా వెలుస్తుంది? నిన్న వేసినట్టుంది."

"ఎక్కడ గీకావు?"

"సీటు కింద."

"నయం. పైన గీకలేదు," అన్నాడు. మూసిన కళ్ళ అంచున తడి పేరుకుంది. ఆమె చూడనట్టు లేచి పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా రొట్టెలాయన, పైపుల మేస్త్రి కలిసి వచ్చారు. రొట్టెలాయన గుమ్మం దగ్గరే కొంత తటపటాయించి, లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"స్టేషన్లో చెప్పి వచ్చాం. బండి అక్కడే పెట్టించారు," అన్నాడు. "ఆ పచ్చ కలిపిన మనిషి వచ్చి ఈ రంగు తను వేసిందేనని చెబితే పని తేలికవుతుందట. రేపు పొద్దున... నువ్వొస్తావా?"

"స్టేషనుకా?" అన్నాడతను. నవ్వు వచ్చింది, నవ్వు వెంట దగ్గు వచ్చింది. రొట్టెలాయన లేచి నీళ్ళ గ్లాసు అందుకుని, దగ్గు తగ్గేదాకా తాగమని తొందరపెట్టకుండా పక్కన నిలబడ్డాడు.

"వస్తా," అన్నాడతను ఊపిరి కూడదీసుకుని. "ఈసారి పిలిచారుగా. వస్తా."

"ఆటో తెస్తాను," అన్నాడు మేస్త్రి.

వాళ్ళు వెళ్ళాక అతను, "ఆ చొక్కా తియ్యి," అన్నాడు.

"ఏ చొక్కా?"

"రంగు పడనిది."

అతని బట్టల్లో అలాంటిది ఒక్కటే ఉంది, తెల్లది. ఆమె పెట్టె అడుగునుంచి తీసి, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసి, పొద్దున్నే చేతికి అందేలా తలుపు పక్కనున్న మేకుకు తగిలించింది. అతను మంచం మీదనుంచి దాన్ని చూస్తూ, "కాలరు కొంచెం పచ్చబడింది," అన్నాడు. "పచ్చా? పసుపు," అందామె. "రంగుల సంగతి నాకు చెప్తున్నావా?" అని నవ్వి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి లేచి చూసేసరికి అతను అలాగే గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆమె రోజూలాగే దిండు తీసి, లేవమని భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. ఆమె దిండు ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. బయట ఆటో వచ్చి ఆగిన చప్పుడయ్యేదాకా ఎవరినీ పిలవలేదు.

అతన్ని సాగనంపడానికి రొట్టెలాయన దుకాణం మూసేసి వచ్చాడు. మేస్త్రి కుంటుతూనే చివరిదాకా నడిచాడు. కొన్ని రోజులకు ఆమె చెల్లెలి కూతురితో కలిసి స్టేషనుకు వెళ్ళింది. బండి వెనకాల ఒక మూల నిలబెట్టి ఉంది. సీటు తీసి ఉంది.

"ఈ రంగు మీ ఆయనదేనా?" అని అడిగారు.

"ఆయనదే," అందామె. "ఆకు పక్కన పెట్టి కలిపాడు."

రాసుకున్నారు. కాగితాలు తేలాక బండి రొట్టెలాయనకు ఇస్తామన్నారు. మేస్త్రికి సంతలో అమ్మినవాడు దొరుకుతాడన్న ఆశ లేదు. ఆ మాట అతనే అన్నాడు. అమ్మాయి ఇంకో బండి చూసిందట, ఆదివారం వచ్చి చూడాలి పెద్దమ్మా అంది. చూస్తానంది.

ఇంటికి వచ్చి తలుపు తీసేసరికి లోపల మధ్యాహ్నపు వెలుతురు పడింది. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. తలుపు పక్క మేకుకు తెల్ల చొక్కా అలాగే వేలాడుతోంది. చేతుల మీద ఇస్త్రీ గీతలు ఇంకా చెదరలేదు, పై గుండీ ఒక్కటి మాత్రం తొడుక్కోవడానికి వీలుగా విప్పి ఉంది.