రెండో వంపు

తిప్పకుండా ఉండాల్సింది, కాస్త పైకెత్తి వదిలి ఉంటే గొట్టం దానంతటదే దిగేదేమో, కానీ చేతులు మాట వింటాయా, పులివెందుల దగ్గర పన్నెండేళ్ళు బోర్లలో మోటార్లు దించిన చేతులవి, ఇరుక్కుంటే జానెడు లేపు, అర చుట్టు తిప్పు, వదులు, గల్ఫ్‌కొచ్చాక ఐన్ ఖాలిద్‌లో ఈ విల్లా మిద్దె మీదా నాగూర్ అదే చేశాడు, పాత పొగగొట్టంలోకి లోపలి తొడుగుగా దించుతున్న స్టీలు లైనరు రెండో వంపు దగ్గర మొరాయించగానే, బోరు పైపు అయితే ఎంత తిప్పినా పైపే, ఇది రేకుపట్టీ చుట్టి మడతలు బిగించిన గొట్టం, ఎదురు తిప్పితే మడత విడిపోతుందని ఫోర్‌మన్ ముజఫ్ఫర్ అలీ మొదటి రోజే చెప్పాడు, తానేమో గంగిరెద్దులా తలూపాడు, తిప్పినప్పుడు అరచేతికి టిక్కుమని తగిలింది, తగిలిందా, ఇటుక అంచు గీరిందా, ఆ వెంటనే గొట్టం జారిపోయింది, కింద అతిథుల గది మజ్లిస్‌లో పొయ్యి దగ్గర గొట్టం కొనకు కట్టిన తాడు లాగుతున్న తోటి పనివాడు ఇమామ్ రెండుసార్లు గుంజాడు, వచ్చేసిందని, ఒకసారి గుంజితే ఆగమని, మూడుసార్లయితే పైకి తియ్యాలని, పొద్దున ఇద్దరూ అనుకున్న లెక్క అది.

పరీక్షకు పొగ పెట్టి చూస్తారు, మడత విడి ఉంటే సగం ఆ చీలికలోకి పోయినా సగం పైకి వస్తుంది, ఎవరికి తెలుస్తుంది, ఎవరికీ తెలియదనే ధైర్యమే భయంగా ఉంది, ఇందాక ఇంట్లో పనిచేసే శివకుమారి టీ తెచ్చింది, మెట్ల పక్క గది ఆమెదే, మనూరోళ్ళేనా అన్నా, మాది రాయచోటి, చలికాలం నా గది గోడ బాగ వెచ్చగుంటాదన్నా, మంచం దానికే ఆనించుకొని పండుకుంటా, తెల్లారితే మాత్రం తల పగిలిపోతాది, ఇల్లు గుర్తొచ్చి ఏమో, అని నవ్వింది, తానూ నవ్వాడు, ఆ గోడలోనే రెండో వంపు ఉంది, అది ఇంటి బెంగ కాదు తల్లీ, పాత గొట్టం పగుళ్ళలోంచి వచ్చిన పొగ అని నోటిదాకా వచ్చింది, పనైపోతే తలనొప్పీ పోతుందిలే అనుకుని టీ తాగేశాడు.

ఏమాయె నాగూర్, మూత బిగియ్, యల్లా జల్దీ, సాయంత్రం మగ్రిబ్ నమాజుకి పొయ్యి రాజేస్తరంట, కింద నుంచి ముజఫ్ఫర్ అలీ కేక, చెబితే తిడతాడు, మళ్ళీ మట్టి పనికి తోలతాడు, తోలనీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, ఇంకా కాలలేదుగా, పొయ్యి రాజేయలేదుగా, తాడుకు కిందనున్నోడి పానం పైనున్నోడి చేతిలో ఉంటాదిరా అని బావుల్లో పూడిక తీయించే మేనమామ అనేవాడు, ఇంతసేపూ ఆ కిందివాడు ఇమామ్ అనుకుంటున్నాడు నాగూర్, కాదు, గోడకు మంచం ఆనించుకుని పడుకునే శివకుమారి, మడత విడిందో లేదో పైకి తీసి కళ్ళతోనే చూడాలి, మూత పక్కన పెట్టి, లైనరును రెండు చేతులా పట్టుకుని, ఈసారి తిప్పకుండా, మూడుసార్లు గుంజాడు.