నా కోసం తొలగించు

వీధి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌ని అవుతానని ఆవిడ ఎవరినీ అడగలేదు. పాత అడ్మిన్ బదిలీ అయి వెళ్తూ, కుట్టడానికిచ్చిన ప్యాంట్లు తీసుకోవడానికొచ్చి, "అందరూ మీ దుకాణానికే వస్తారు కదమ్మా, మీరైతేనే బాగుంటుంది" అంటూ ఫోనులో ఏదో నొక్కి, ఈ బరువు ఆవిడ నెత్తిన పెట్టి పోయాడు. ఆ రోజు నుంచీ దర్జీ అక్క కాస్తా అడ్మినక్క అయింది.

పెత్తనం లేని పెద్దరికం అది. నీళ్ళు రాకపోతే ఆవిడనే అడుగుతారు, కుక్క మొరిగితే ఆవిడకే చెబుతారు. ఒకరి పోస్టు తీస్తే వాళ్ళకు కోపం, ఉంచితే మిగతావాళ్ళకు కోపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుండేది. అందుకని ఆవిడ ఇంతవరకూ ఎవరి పోస్టూ తీయకుండా, నమస్కారం బొమ్మలు పెడుతూ నెట్టుకొచ్చింది.

ఆ ఉదయం తోటికోడలు గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. బడి గేటు పక్కన గోడకానుకుని నిలబడ్డ ముసలాయన, భుజాన సంచి. కింద ఇలా ఉంది: "ఈ మనిషి రోజూ పిల్లల్ని చూస్తూ నిలబడుతున్నాడు. సంచిలో చాక్లెట్లు. జాగ్రత్త. అందరికీ పంపండి."

ఆయన మిషన్ బాబాయ్. ఆవిడ కుట్టు మిషన్లు బాగుచేసే మనిషి. ఆ సంచిలో ఉండేవి నూనె డబ్బా, స్క్రూడ్రైవర్లు, దారం చుట్టే బాబిన్లు. కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరడంతో మనవరాలిని బడి నుంచి తీసుకొచ్చే పని ఆయన మీద పడింది. చాక్లెట్ మాట మాత్రం నిజమే. ఒక్కటి ఉంటుంది, ఆ పిల్లకే.

ఆవిడ వెంటనే తోటికోడలికి ఫోన్ చేసింది. "ఇది నీకెవరు చెప్పారే?"

"ఎవరో పంపారక్కా, నేను ఇటు తోశానంతే. నిప్పు లేందే పొగొస్తుందా?"

"పొగా లేదు, నీ మొహమూ లేదు. ఆయన మన మిషన్ బాబాయ్."

"అయ్యో, అవునా? అయితే నువ్వే తీసెయ్యి. అడ్మిన్‌వి కదా. నేను తీస్తే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది."

ఎన్నడూ చేయని పని. ఫొటో మీద వేలు నొక్కి పట్టింది. రెండు వరుసలు వచ్చాయి. ఒకటి 'అందరి కోసం తొలగించు', రెండోది 'నా కోసం తొలగించు'. ఆవిడ అక్కడ ఆగి ఆలోచించింది. ఆ ఆలోచనే కొంప ముంచింది. అందరి కోసం అంటే అందరి తరఫునా తీసినట్టు కదా, వాళ్ళను అడగందే ఎలా? మా పేరెందుకు వాడుకున్నావని రేపెవరైనా నిలదీస్తే? బాధ్యత తనది, మాట పడితే తనే పడాలి. 'నా కోసం' నొక్కింది. ఫొటో మాయమైంది. అడగ్గానే తన కోసం తీసేసిందని ఆ ఫోను మీద కాస్త అభిమానం కూడా కలిగింది.

మధ్యాహ్నం బాబాయ్ మిషన్‌కి బెల్టు వేయడానికొచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నా ఫొటో ఏదో తిరుగుతోందటమ్మా. బడికెళ్ళొద్దంటోంది మా అమ్మాయి. తనే సెలవు పెట్టి వస్తుందట. చేరి నెల కాలేదు, అప్పుడే సెలవడిగితే ఏం బాగుంటుంది?"

"తీసేశాను బాబాయ్. ఇదిగో, నువ్వే చూడు." ఆవిడ ఫోను చేతికిచ్చింది. నిజంగానే లేదు, ఆ ఫోనులో.

"నువ్వున్నావు గనక సరిపోయింది" అన్నాడాయన. బెల్టు బిగించి, నూనె చేతులు తుడుచుకుని, రానక్కర్లేదని కూతురికి ఫోన్ చేసి, బడి వైపు వెళ్ళాడు.

కాసేపటికి గ్రూపు మోత మోగింది. "దొరికాడు." "గేటు దగ్గరే పట్టుకున్నారు." వెనకాలే వీడియో. బాబాయ్ నేల మీద కూలబడి ఉన్నాడు. కళ్ళజోడు లేదు, పెదవి చిట్లింది. ఎవరిదో చెయ్యి ఆయన కాలరు పట్టుకునుంది. "అడ్మినమ్మ తీసేసిందయ్యా, అడగండి" అని అదే మాట అంటున్నాడు. వెనక మనవరాలు ఏడుస్తోంది.

"వదిలెయ్యండి, ఆయన నాకు తెలుసు. మనవరాలి కోసం వచ్చాడు. ఆ పోస్టు పొద్దున్నే తీసేశాను" అని ఆవిడ గ్రూపులో తప్పుల తడకగా రాసింది.

మందుల షాపతను జవాబిచ్చాడు. "ఎక్కడ తీశారక్కా? ఇప్పటికీ ఉంది. మీరు చూసి కూడా ఉంచారంటే నిజమే అనుకున్నాం."

ఆవిడ తన ఫోనంతా వెతికింది. లేదు. లేనిదాన్ని ఎలా తీయడం? పక్కింట్లోని తోటికోడలి దగ్గరికి పరిగెత్తి ఆమె ఫోను లాక్కుంది. ఫొటో నిక్షేపంగా ఉంది.

"నీ ఫోన్లో నీ మట్టుకే తీసుకున్నావక్కా" అంది తోటికోడలు, నెమ్మదిగా. ఈసారి తనే అందరికీ తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఫొటో పోయింది గానీ, వీడియో అప్పటికే పక్క వీధుల గ్రూపులకు పాకింది.

ఆవిడ బడి దగ్గరికి వెళ్ళేసరికి జనం ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన కూతురు, మెళ్ళో గుర్తింపు కార్డు వేలాడుతుండగా, రోడ్డు మీద దొర్లిన బాబిన్లు ఏరుతోంది. బాబాయ్ అరుగు మీద కూర్చుని మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

"తీసేశానన్నారట కదండీ మీరు?" కూతురు తలెత్తకుండానే అడిగింది. "ఆ మాట నమ్మే నన్ను రావద్దన్నాడు నాన్న. ఎవరి కోసం తీశారు?"

నొక్కింది 'నా కోసం' అయినా, పోవాలనుకున్నది అందరికీ. ఆవిడ వంగి, తన కాళ్ళ దగ్గర పడున్న బాబిన్ తీసి ఆమెకు అందించింది.

"ఆవిడనేమీ అనకమ్మా" అన్నాడు బాబాయ్. "తీసేసింది. నేను నా కళ్ళతో చూశాను."