బెల్లు కొట్టినవాడు

సైకిళ్లవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. ఈ మాట దాచుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. నాకు ఆరు గుర్రాల లాయం ఉంది. స్వారీ నేర్పుతాను, నేర్చుకున్నవాళ్లను సెలవురోజుల్లో కొండబాట మీదికి తీసుకెళ్తాను. ఆ బాట వెడల్పు నాలుగడుగులు. ఒకపక్క కొండ, రెండోపక్క లోయ. పైనుంచి లావు టైర్ల సైకిలు వేసుకుని ఒకడు దిగుతాడు. వాడు పక్కకొచ్చేదాకా అలికిడి ఉండదు. గుర్రం ఉలిక్కిపడి ఎగిరితే మీదున్న మనిషి ఏ పక్క పడాలి? ఈ ప్రశ్న నేను ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాను. జవాబుగా నాకు వచ్చినవి తిట్లే.

వాళ్ల గోల వాళ్లకీ ఉంది. వాన పడ్డాక మా గుర్రాలు బాటంతా గుంతలు చేస్తున్నాయట, ఆ గుంతల్లో చక్రం దిగబడి వాళ్ల పళ్లు రాలుతున్నాయట, లద్దె ఎగిరి మొహాన పడుతోందట. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లన్నారు. చివరికి ఎవరో బాట మీద మేకులు చల్లారు, ఇంకెవరో మా జీనుల పట్టీలు కోశారు.

ఇందులో నా కర్మ ఏమిటంటే, సైకిళ్ల దుకాణం మా చెల్లెలి మొగుడిది. వాళ్ల సంఘానికి పెద్ద కూడా అతనే. మెతక మనిషి. గొడవలో కూడా "వదినా, ఒక్క నిమిషం" అనే మొదలుపెడతాడు. నేను అతనితో కాదు, అతని వెనకున్న గుంపుతో దెబ్బలాడుతున్నానని చెప్పుకునేదాన్ని. మా చెల్లెలికి ఆ తేడా నచ్చలేదు, నాతో మాటలు తగ్గించేసింది.

చివరికి అటవీ శాఖ రేంజరు విసిగిపోయాడు. నెల రోజుల్లో మీలో మీరు రాజీకి రాకపోతే బాట ఇద్దరికీ మూసేస్తానని నోటీసు అంటించాడు. బాట లేకపోతే సైకిళ్లవాళ్లు ఇంకో కొండ వెతుక్కుంటారు. నా ఆరు గుర్రాలూ నేనూ ఎక్కడికి పోతాం?

రాజీకి ముందుగా వచ్చినవాడు మా మరిదే. అట్టపెట్టె నిండా బెల్లులు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్రతి సైకిలుకీ తనే బిగిస్తాడట. ప్రతి మలుపు ముందూ మూడుసార్లు బెల్లు కొట్టనివాణ్ణి సంఘంలోంచి తీసేస్తాడట. నేను చేయాల్సిందల్లా ఆ చప్పుడు గుర్రాలకి అలవాటు చేయడం. ఆడి తప్పని మనిషి. నేను ఒప్పుకున్నాను, ఒక బెల్లు ఉంచుకున్నాను.

గుర్రానికి ఒక చప్పుడు అలవాటు చేయడానికి పద్ధతి ఉంది. రోజూ ఒక మనిషి సైకిలు మీద దూరంనుంచి బెల్లు కొడుతూ రావాలి. గుర్రాన్ని పక్కకి జరిపి నిలబెట్టాలి, నిలబడ్డాక మెచ్చుకోవాలి. ఇది ఆర్నెల్ల పని. నాకున్నది నెల. అందుకని నేను దగ్గరదారి పట్టాను. బెల్లుని లాయం గుంజకి బిగించి, దాణా పెట్టే ముందు మూడుసార్లు కొట్టేదాన్ని. పొద్దున పనివాళ్లు రాకముందు, సాయంత్రం వాళ్లు వెళ్లాక, రోజూ అంతే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. దాణా మాట వస్తే ఏ గుర్రమూ చెవిటిది కాదు. పది రోజులు తిరిగేసరికి బెల్లు మోగితే చాలు, ఆరు తలలు తలుపుల మీంచి బయటికొచ్చేవి. మా దొరసాని అయితే తలుపుని రొమ్ముతో నెట్టేది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్ర గుర్రం అది, పసిపిల్లలనైనా ఎక్కించుకునే సాధువు.

"మా గుర్రాలు బెల్లుకి బెదరవు" అని రేంజరుకి రాసిచ్చాను. అబద్ధం కాదు, అవి బెదరడం లేదు. బెదరకపోవడం వేరు, దారి ఇవ్వడం వేరు. ముప్పై ఏళ్లు గుర్రాలతో బతికిన నాకు ఆ సంగతి తట్టలేదు. దాణా ఎలా పెడుతున్నానో మరిదికి చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నేమో. అతను అడగలేదు.

రేంజరు మా రాజీకి ఒప్పుకున్నాక మూడో శనివారం. దొరసాని మీద లెక్కల పంతులమ్మ ఉంది. నలభై దాటాక స్వారీ నేర్చుకుంటున్న మనిషి, ప్రతి శనివారమూ జేబులో ఒక కేరట్ ముక్క తెచ్చేది. ఆమె ముందు, ఇంకో గుర్రం మీద నేను యాభై అడుగుల వెనక. పై మలుపులో బెల్లు మోగింది. ఒకటి, రెండు, మూడు. శుభ్రంగా, ఆగి ఆగి మోగింది. దొరసాని చెవులు నిక్కబొడుచుకోవడం వెనకనుంచి చూశాను. పంతులమ్మ నేను నేర్పినట్టే కళ్లాన్ని కొండవైపు లాగింది. దొరసాని లెక్కచేయలేదు. బాటకి నడిమధ్యకి తిరిగి, వడివడిగా ఆ చప్పుడుకి ఎదురెళ్లింది.

ఏం జరగబోతోందో నాకు అప్పుడే అర్థమైంది. అరిచాను కూడా, కానీ అరుపులో మాట లేదు. మలుపు తిరిగిన సైకిలు బ్రేకుకి జారి, అడ్డంగా వచ్చి గుర్రం ముందుకాళ్లకి తగిలింది. దొరసాని నిలువునా లేచింది. పంతులమ్మ వెనక్కి, రాళ్ల మీద పడింది. సైకిలు మీద ఉన్నది మా మరిది. అతని హెల్మెట్ రెండు ముక్కలైంది. నెత్తురు కారుతున్న మొహంతో పాకుతూ ఆమె దగ్గరికి వెళ్లి, నా వైపు చూసి ఒకటే మాట పదేపదే అన్నాడు.

"కొట్టాను వదినా. మూడుసార్లు కొట్టాను."

నేను అంబులెన్సుకి ఫోను చేస్తున్నాను. 

పంతులమ్మ మూడో రోజు ఆసుపత్రిలో పోయింది. పోలీసులు నన్ను అడిగారు, బెల్లు విన్నారా అని. గాలి వీస్తోంది, నాకేమీ వినబడలేదన్నాను. ఆ మాట అనుకుని అనలేదు. అయితే అనేశాక వెనక్కి తీసుకోవాలని కూడా అనుకోలేదు. విన్నానంటే, మరి గుర్రం ఎందుకు తప్పుకోలేదని అడుగుతారు. అక్కణ్ణుంచి దాణా దాకా ఎంతో దూరం లేదు. లాయం మూస్తారు, దొరసానిని సూది వేసి చంపేస్తారు, పంతులమ్మ చావుకి కారణం నా నేర్పుడేనని ఊరంతా తెలుస్తుంది. నాకు భయమేసింది. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేది, లేదు.

ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఇంకో వంద కావాలంటారు. నాకు వంద అక్కర్లేకపోయింది. మా గుర్రపుస్వారీ సంఘంవాళ్లే మిగతాది చూసుకున్నారు. గుర్రాలకి బెల్లు అలవాటు చేశారు కదా, కొట్టి ఉంటే తప్పుకునేది కదా, అంటే కొట్టలేదు. ఇంత నున్నటి లెక్క ముందు మరిది మాట ఎవరికీ ఎక్కలేదు.

మా చెల్లెలు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నాకు ఒక్క మాట చెప్పు. నీకు వినబడిందా లేదా?"

"లేదే."

"నువ్వు లేదంటే లేదే. రాత్రీ పగలూ కొట్టాను కొట్టానని ఆయన నా ప్రాణం తీస్తున్నాడు. ఇక నేనే ఆపమంటాను."

అది వెళ్లిపోయింది. దాన్ని పిలవడానికి గుమ్మం దాకా వెళ్లాను. పిలవలేదు.

తర్వాత విచారణ అధికారి కబురు పెట్టాడు. వచ్చే గురువారం లాయానికి వస్తాడట, గుర్రం ముందు బెల్లు కొట్టించి చూస్తాడట. నా చేతిలో నాలుగు రోజులున్నాయి.

గుంజకున్న బెల్లు విప్పేశాను. మధ్యాహ్నం పనివాళ్లు భోజనాలకి వెళ్లాక దొరసానిని వెనక షెడ్డులోకి తీసుకెళ్లి, తలుపు వేసి, బెల్లు కొట్టాను. నా దగ్గరికొచ్చి పెదవులతో అరచెయ్యి వెతికింది. మెడ మీద కొరడాతో కొట్టాను. అది వెనక్కి తగ్గి, నన్ను చూసి, మళ్లీ వచ్చింది. సరిగ్గా రాలేదేమో, అందుకే కొట్టానేమో అనుకుంది కాబోలు, ఈసారి ఇంకా మెల్లగా, తల దించుకుని వచ్చింది. మళ్లీ కొట్టాను. ముప్పై ఏళ్లలో నేను ఏ గుర్రాన్నీ అలా కొట్టలేదు. కొడుతున్నంతసేపూ ఏడ్చాను, ఏడుస్తూనే కొట్టాను. మూడో రోజుకి బెల్లు మీద వేలు పెడితే చాలు, గోడకి అతుక్కుపోయి వణికేది. వాతలు జీనుగుడ్డ కింద పడేలా చూసుకుని కొట్టాను కాబట్టి మెడ మీద పడ్డ ఆ మొదటి రెండే బయటికి కనబడేవి. వాటిని జూలు కప్పింది.

గురువారం అధికారి వచ్చాడు. మిగతా అయిదు గుర్రాల్నీ కింద మైదానంలో మేతకి వదిలాను. మా మరిది తలకి కట్టుతో, లాయరు పక్కన నిలబడ్డాడు. అటవీ గార్డు ఒకడు సైకిలు నడిపించుకుంటూ వచ్చి మూడుసార్లు బెల్లు కొట్టాడు. దొరసాని ఒక్క ఉదుటున పక్కకి గెంతి, కంచెకి ఒరుసుకుని నిలబడింది. బాట అయితే సైకిలు పోయేంత దారి ఇచ్చినట్టు. అధికారి కాగితం మీద రాసుకున్నాడు. నేను మరిది మొహం చూడకూడదనుకున్నాను, చూశాను. అతని మొహంలో నా మీద కోపం కనబడలేదు. గుర్రాన్ని చూస్తూ, కుడిచేతి బొటనవేలు మెల్లగా కదిపి చూసుకుంటున్నాడు.

కోర్టు మరిదికి ఏడాదిన్నర జైలు వేసింది. దుకాణానికి తాళం పడింది. బాట మీద సైకిళ్లు నిషేధమని పెద్ద బోర్డు పెట్టారు. మా సంఘంవాళ్లు నాకు శాలువా కప్పుతామన్నారు, ఒంట్లో బాగాలేదని తప్పించుకున్నాను. దొరసాని ఇప్పుడు ఎవర్నీ ఎక్కనివ్వదు. నేను దాణా తీసుకెళ్లినా, వెళ్లిపోయాకే తింటుంది.

జైల్లో లొంగిపోవాల్సిన రోజుకి ముందురోజు మరిది లాయానికి వచ్చాడు. చిక్కిపోయాడు. దాణా మూట మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. పంతులమ్మ ఇంటికి వెళ్లొచ్చానన్నాడు. ఆమె తల్లి ముందు నిలబడి, బెల్లు కొట్టలేదని ఒప్పుకున్నాడట. ఆవిడ తలుపు వేసేసుకుందట.

"ఒప్పుకున్నావా?" అన్నాను. 

"ఏం చెయ్యను వదినా. కొట్టినట్టే గుర్తు. కానీ తలకి దెబ్బ తగిలింది. నువ్వేమో వినలేదన్నావు. గుర్రమేమో అంతమంది ఎదురుగా పక్కకెళ్లి చూపించింది. మీ చెల్లెలు కూడా వద్దంది, ఇక ఆ మాట అనొద్దంది. ఇంతమంది ఒకటంటే నేనొక్కణ్ణీ ఇంకోటి పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతాను? కొట్టి ఉండను. కొట్టాలనుకుని ఉంటాను, అంతే."

నిజం చెప్పడానికి అదే ఆఖరి అదును. నాకు తెలుసు. ఒక్క మాట చాలు, మనిషికి తన బుర్ర తనకి తిరిగొస్తుంది. జైలుకి వెళ్లినా తలెత్తుకుని వెళ్తాడు. నోరు తెరిచాను కూడా.

అతనింకా పూర్తి చేయలేదు. "ఇంకో సంగతి. ఆర్నెల్లపాటు నువ్వు అబద్ధం చెబుతున్నావని మనసులో నిన్ను తిట్టుకున్నాను. మీ చెల్లెలితో కూడా అన్నాను. అమ్మలాంటిదానివి. అంత మాట ఎలా అనుకున్నానో. దాంతో లోపలికెళ్తే నాకు నిద్ర పట్టదు. నన్ను క్షమించు వదినా."

లేచి, వంగి, నా కాళ్లు పట్టుకున్నాడు. భుజాలు పట్టుకుని లేపాను. క్షమించానన్నాను.

"నిజంగానా?" అన్నాడు.

"నిజంగానే" అన్నాను.