పన్నెండు మెట్ల వార్నీషు

పై నుంచి కిందికి దిగుతూ పూయాలి, కింది నుంచి పైకి ఎక్కుతూ కాదు, ఈ మాట ఇమామ్ సాహెబు చెప్పే ఉంటాడు, వడ్రంగి పని చేసేవాడికి నోరు ఊరుకోదు, తానే విని ఉండడు, ముప్పై ఏళ్లు సంస్థానం కచేరీలో పేష్కారు చేసిన తిరుపతయ్యకు ఒకరు చెప్తే వినే అలవాటు ఎక్కడిది, అందుకే ఇప్పుడు అన్నిటికన్నా పై మెట్టు మీద, చేతిలో వార్నీషు గుడ్డతో, మేడ మీది బంగ్లా గది గడపకు మడమలు ఆనించి నిలబడ్డాడు, కింద పదకొండు మెట్లూ ఆషాఢపు మబ్బు వెలుతురులో కూడా బెల్లంపాకం పోసినట్టు మెరుస్తున్నాయి, ఎంత బాగున్నాయి, ఒక్కదాని మీదా కాలు పెట్టడానికి లేదు, వాకిట్లో పీట మీద కూర్చుని బీడీ తాగుతున్న ఇమామ్ సాహెబు తల పైకెత్తి, పేష్కార్ సాబ్, అంత మంచిగనే ఉంది గాని మరి దిగుడెట్ల అన్నాడు, ఎప్పటికి ఆరుతుంది అంటే, గీ ముసురుకు ఎల్లుండి దాంక ఆరది సాబ్, జర సోంచాయించుండ్రి అన్నాడు, ఆలోచించడానికేముంది, కిటికీ ఉంది, కిటికీకి ఇనుప కమ్మీలున్నాయి, దొంగలు రాకూడదని తానే దగ్గరుండి బిగించుకున్నాడు, దొంగ రాలేని దారిన పేష్కారూ పోలేడు.

మళ్లీ పూద్దామంటే వార్నీషు లేదు, ఈ యుద్ధం రోజుల్లో మేకులే దొరక్క ఇమామ్ సాహెబు పాత మేకుల్ని పీకి రాతి మీద సాగగొట్టి వాడాడు, ఇక వార్నీషు మాట చెప్పాలా, హైదరాబాదులో ఎవరినో బతిమాలి తెప్పించిన ఒక్క డబ్బా, వనపర్తి రోడ్డు స్టేషనులో దించుకుని బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు, పక్క సీటావిడ ఏం బిడ్డ అని కూడా అడిగింది, విరిగిన నాలుగో మెట్టు తీసి కొత్త టేకు పలక వేసింది ఇమామ్ సాహెబే, ఊగుతున్న పట్టుకర్ర కింద చీలికలు కొట్టి నిలబెట్టిందీ అతనే, కానీ ఉప్పు కాగితం పెట్టి రుద్దడం, పాత నలుపు పోగొట్టడం, నునుపు చేయడం, ఇదంతా నేనే చేస్తా అని తిరుపతయ్య పట్టుబట్టాడు, పదకొండు రోజులు ఆ పట్టుకర్రనే రుద్దాడు, అద్దంలో ముఖం చూసుకున్నట్టు అందులో తన మీసం కనపడేదాకా రుద్దాడు, ఎందుకంటే తప్పు తనది, తొమ్మిదేళ్లుగా ఆ నాలుగో మెట్టు కిర్రుమంటుంటే వింటూ కూర్చున్నది తను, మూడు నెలల కింద మజ్జిగ చెంబు పైకి తెస్తూ నాగేంద్రమ్మ దాని మీద కాలు వేస్తే మెట్టు రెండు ముక్కలైంది, ఆ ధడేలుమన్న చప్పుడు విని పైనుంచి తన నోట వచ్చిన మొదటి మాట, చెంబు సొట్టపోయిందా.

ఆ మాటను వెనక్కి తీసుకునే దారి ఏ కచేరీలోనూ లేదు, కట్టు కట్టించుకుని కాలు చాపుకుని కూర్చున్న నాగేంద్రమ్మ ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడదు, మాట్లాడవలసింది గోడకో, పిల్లికో, ఈ మధ్య ఇమామ్ సాహెబుకో చెబుతుంది, ఇప్పుడూ అదే, కట్టు విప్పిన కాలితో వంటింటి గడప దగ్గర నిలబడి, ఇమామన్నా, ఆయనకు చెప్పు, జొన్నరొట్టె సల్లారుతుంది, తినేదుంటే దిగి రమ్మను అంది, సాబ్, అమ్మ రొట్టె సల్లారుతుందంటుంది అన్నాడతను, విన్నానయ్యా, నాకు చెవులున్నాయి, పుంటికూర వాసన కూడా వస్తోంది, ముక్కు కూడా ఉంది, దాహం వేస్తోంది, అలవాటు కొద్దీ, నాగేంద్రా నీళ్లు, అని కేకేసి నాలుక కరుచుకున్నాడు, కింద ఇమామ్ సాహెబు దగ్గాడో నవ్వాడో తెలియలేదు, నాగేంద్రా, ఇదంతా నీ కోసమే గదా, ఇగ కాలు జారకుండ పైకి రావచ్చు నువ్వు అన్నాడు తిరుపతయ్య, ఇమామన్నా, నేనెందుకు ఎక్కుత పైకి, అడుగు ఆయనను, ఈడ దొడ్డి తలుపు తీస్తే కమ్మటి గాలి, గురక లేదు, పీడ లేదు, మూడు నెలల సంది పాణం సుఖంగున్నది అంది, ఆ మాట కోపంగా అని ఉంటే తిరుపతయ్య నిలదొక్కుకునేవాడే, ఆమె ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది.

అయితే తనే దిగాలి, దిగితే ఎల్లుండి దాకా మళ్లీ ఎక్కలేడు, కనుక రెండు రోజులకు కావలసినవన్నీ ఇప్పుడే వెంట తీసుకుపోవాలి, పరుపు చుట్టాడు, అందులో కళ్లజోడు, పొడుం డబ్బీ, పంచె, చంకలో గొడుగు, రెండు చేతులా పరుపు చుట్టను ఎత్తుకుని, బంగారంలాంటి పని, ఒక్కో అడుగూ ఒక్కో పాపం అనుకుంటూ పదకొండో మెట్టు మీద కాలు పెట్టాడు, తపక్కుమంది, పదో మెట్టు, తపక్కుమంది, అరికాలు బంకకు పట్టి వదలనంటోంది, పరుపు గడ్డం దాకా ఉంది, కింది మెట్టు కనపడడం లేదు, ఏడో మెట్టు మీద ఒళ్లు ఒక పక్కకు తూలింది, అయ్యో సాబ్, కర్ర పట్టుకోండ్రి, పట్టుకోండ్రి అంటున్నాడు ఇమామ్ సాహెబు, పట్టుకర్ర పక్కనే ఉంది, తన మీసం కనపడేంత నున్నగా, మోచేతికి తగులుతూ, దేంతో పట్టుకోవాలి, చేతులెక్కడున్నాయి, వదిలితే పరుపు పోతుంది, వదలకపోతే తను పోతాడు, అప్పుడు కింద నుంచి, ఇమామన్నా అనకుండా, నేరుగా, ఆగు, కిందికి చూడకు, చూస్తె పడ్తవ్, ముందు కాలి వేళ్లతోని అంచు తడుము, ఆనినంక బరువెయ్యి అంది నాగేంద్రమ్మ.

తడిమాడు, అంచు దొరికింది, బరువు వేశాడు, ఆరో మెట్టు, మళ్లీ తడుము, ఆ, గట్లనే, అయిదో మెట్టు, ఈవిడకు ఇదెలా తెలుసు అనుకున్నాడు, అనుకుంటూండగానే కళ్ల ముందు కదిలింది, పొద్దున నీళ్ల బిందె, మధ్యాహ్నం ఒక చేత కంచం ఒక చేత చెంబు, సాయంత్రం దీపం, మడతపెట్టిన బట్టలు, తన వాపు కాలికి కాపడం పెట్టడానికి వేడి ఇసుక మూట, పైకీ కిందికీ, పైకీ కిందికీ, నాలుగో మెట్టు దగ్గర బంకపట్టిన కాళ్లతో నిలబడిపోయాడు తిరుపతయ్య, పరుపు మీంచి ఆమె ముఖం ఒక సగమే కనపడుతోంది, నిండుగా ఉన్న చేతులకు పట్టుకర్ర ఉన్నా లేనట్టే, ఈ మెట్లెక్కి దిగిన ఇరవై ఆరేళ్లలో ఆమె దాన్ని ఒక్కసారి కూడా పట్టుకుని ఉండదు.