రయాన్ ఎవరింటివాడు

పిల్లాడు పుట్టి పక్షం రోజులైనా కాలేదు, వాడికి పేరు పెట్టేశానని మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. అడగడానికి కాదు, చెప్పడానికి. వెనకాల ఎవరో చప్పట్లు కొడుతున్నారు కూడా.

"రయాన్! ఎలా ఉంది?"

నేనప్పుడు చంటివాడి గుడ్డలు తగిలించిన వెదురు కర్రని వంటింటి కిటికీలోంచి బయటికి తోస్తున్నాను. కింద మా క్లెమెంటి పేట బస్సులు వెళ్తున్నాయి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఫోను. "ఇంటికొచ్చాక మాట్లాడదాం" అన్నాను. అలా అంటే ఒప్పుకున్నట్టేనని ఆయన లెక్క.

సాయంత్రం నెట్‌లోంచి ప్రింటు తీసిన కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఐర్లాండ్ పేరు అరుంధతీ. అర్థం చిన్న రాజు. నాన్న పేరు వెంకటరాజు కదా, రాజు రానే వచ్చాడు. ఇప్పుడు ఏ దేశంలో చూసినా ఈ పేరే. రేపు వీడు ఎక్కడ ఉద్యోగం చేసినా ఎవరూ రెండోసారి అడగక్కర్లేదు. నన్ను చూడు, పార్థసారథి అంటే మీటింగుకో రకంగా పిలుస్తారు."

కాగితం తీసుకుని చదివాను. చిన్న రాజు అనే అర్థం కావచ్చు అని ఉంది. ఆ 'కావచ్చు' ఆయన కంట పడలేదు. ప్రోగ్రాములో ఒక్క చుక్క తప్పితే రోజంతా వెతికే మనిషి.

పురిటికి కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్య అరుణమ్మగారు అప్పటిదాకా వాడికి నూనె మర్దనా చేస్తోంది. "మీ నాన్నగారి పేరు తప్ప ఇంకో పేరు పెడితే నేను రేపే విమానం ఎక్కుతాను" అంది తలెత్తకుండా.

"అదీ పెడదామమ్మా. రాతకి అది, పిలవడానికి ఇది."

తల్లికి ఒకటి, ఆఫీసుకి ఒకటి ఇచ్చి పక్కన పెట్టిన కాగితంలా నన్ను వదిలేశాడు. నా చిక్కు ఆయనకి తట్టనే లేదు. మా ఇళ్ళలో కోడలు మామగారి పేరు నోటితో అనదు. అత్తయ్య అయితే కాపురానికి వచ్చిన్నాటి నుంచీ భర్త పేరు పలకలేదు. ఏడాది కిందట ఆయన పోయినప్పుడు కూడా ఆసుపత్రివాళ్ళు పేరడిగితే "మా పార్థూ వాళ్ళ నాన్న" అంది. అంటే పొద్దస్తమానం పిల్లాడితో ఉండే ఇద్దరు ఆడవాళ్ళకీ ఆ పేరు నోట పలకడానికి లేదు. ఇక మిగిలేది రయాన్. కన్న కొడుకుని ఏమని పిలవాలో నన్ను తప్ప అందరినీ అడిగారు.

పోనీ అనుకుందామంటే, మర్నాడు వాణ్ణి ఎత్తుకుని కిందికి దిగాను. జారుడుబల్ల దగ్గర ఒక చైనా ఆంటీ "రయాన్, మకాన్!" అని అన్నానికి పిలిచింది. ముగ్గురు పిల్లలు తిరిగి చూశారు. "నువ్వు కాదు లా, నా రయాన్!" అని ఆవిడ ఇక్కడివాళ్ళ యాసలో విసుక్కుంది. ఆవిడ బాధ నాకు అర్థమైంది.

బారసాలకి ముందు శనివారం మా ఆయన మేనేజరు బ్రెండన్ పిల్లాణ్ణి చూడడానికి వచ్చాడు. ఐర్లాండ్ మనిషి, ఎర్రగా, మొహమాటంగా ఉన్నాడు. మా ఆయన ఛాతీ విరుచుకుని పేరు చెప్పాడు. బ్రెండన్ మొహం వెలిగింది.

"రయానా! మా అమ్మ పుట్టింటి వాళ్ళు రయాన్‌లే. మా ఊళ్ళో సగం ఇళ్ళు వాళ్ళవే. అసలది ఇంటిపేరు. పిల్లలకి పేరుగా పెట్టడం తర్వాత వచ్చింది. అర్థం రాజేనంటారు కానీ ఎవరూ గట్టిగా చెప్పలేరు."

"ఏమంటున్నాడమ్మాయ్?" అంది అత్తయ్య.

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ఒక్క మాట వదల్లేదు.

"ఇంటిపేరా!" ఆవిడ చేతిలో పకోడీల పళ్ళెం బల్లమీద టక్కుమంది. "ఒరే పార్థూ, వీణ్ణి దత్తతిచ్చేశామట్రా? కొత్తపల్లివారి పిల్లాడికి ఎవరింటిపేరో తగిలిస్తావా? వీడు రేపు ఎవరి గోత్రం చెప్పుకుంటాడు?"

"అమ్మా, ఆయన ముందు..."

"ఆయన ముందే అడుగుతాను. వాళ్ళ పిల్లాడికి కొత్తపల్లి అని పెట్టుకుంటాడేమో అడుగు."

బ్రెండన్ నా వైపు చూశాడు. అదీ ఇంగ్లీషులో చెప్పాను. "మా అమ్మ కూడా ఒప్పుకోదు" అన్నాడు, పకోడీ తీసుకుంటూ.

ఇంతయ్యాక కూడా ఆదివారం బియ్యం పళ్ళెంలో ఉంగరంతో రెండు పేర్లూ రాశాడు మా ఆయన. పైన వెంకటరాజు, కింద రయాన్. గట్టిగా అడిగితే, "ఆఫీసంతా మెయిల్ వెళ్ళిపోయింది. కేకు మీద కూడా రాయించేశాను" అన్నాడు. బ్రెండన్ కూడా వచ్చి ఆ కేకు పక్కనే నిలబడ్డాడు.

"మేనత్త ఇక్కడ లేదు కాబట్టి తల్లే పిలవాలి. చెవిలో మూడుసార్లు" అన్నారు పూజ చేయిస్తున్న పెద్దాయన. మా ఆయన కెమెరా నా మొహం మీదికి తెచ్చి, కింది పేరు వైపు వేలు చూపించాడు.

ఒళ్ళు మండింది. అత్తయ్య ఒళ్ళో పడుకున్న పిల్లాడి చెవి దగ్గరికి వంగాను.

"వెంకటరాజూ."

మా ఆయన కెమెరా దించేశాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారీ అన్నాను. మూడోసారి గదంతా వినపడేలా అన్నాను. నా కొడుకు. రేపటి నుంచి వెయ్యిసార్లు పిలిచేది నేను.

తలెత్తి ఆవిడ మొహంలోకి చూడడానికి భయమేసింది. ఆవిడ ఏదో అనబోయింది. అంతలో పిల్లాడు ఆవిడ పట్టుచీర మీద చక్కగా పని కానిచ్చాడు.

"ఒరే వెంకటరాజూ! చీరంతా తడిపేశావు గదరా, బుద్ధుందట్రా నీకు!"

అనేశాక ఆవిడే ఉలిక్కిపడింది. తర్వాత వాణ్ణి గుండెకి ఎత్తుకుని, అవసరం లేకపోయినా, మెల్లిగా ఇంకోసారి అంది. "వెంకటరాజూ."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే మా ఆయన నా పక్కకి జరిగాడు.

"మరి ఆఫీసులో ఏం చెప్పమంటావు?"

"రయాన్ వాళ్ళింటికి వెళ్ళిపోయాడని చెప్పండి" అన్నాను. "ముందు కేకు కొయ్యండి, బ్రెండన్ ఎంతసేపని నిలబడతాడు."